అమ్మానాన్నలకు వాట్సాప్, ఫేస్‌బుక్ నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో ఏ వీధిలో పలకరించినా ఒక మాట వినిపిస్తుంది: "పిల్లలిద్దరూ బయటే ఉంటారండీ, ఇక్కడ మేమిద్దరమే." బయట అంటే హైదరాబాదు కావచ్చు, బెంగళూరు కావచ్చు, డాలస్ కావచ్చు. విజయవాడ సత్యనారాయణపురం చుట్టుపక్కల పెద్దవాళ్ళకు సాయంత్రం పూట ఫోన్ వాడకం నేర్పుతుంటాను. వాళ్ళు అడిగేవి, ఊళ్ళో లేని వాళ్ళ పిల్లలు ఫోన్ చేసి అడిగేవి ఇక్కడ ఒకచోట రాశాను. పెద్దవాళ్ళు తామే చదువుకున్నా సరే, పిల్లలు చదివి చెప్పినా సరే.

అమ్మకు కొత్తగా టచ్ ఫోన్ కొన్నాం. మొదట ఏం నేర్పాలి?

ముందు ఆవిడను ఒక్క మాట అడగండి: "ఎవరితో మాట్లాడాలనుందమ్మా?" మనవరాలంటే మనవరాలితో, తెనాలిలో ఉన్న చెల్లెలంటే చెల్లెలితో మొదలుపెట్టండి. వాట్సాప్‌లో ఆ మనిషి చాట్ తెరిచి, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, "మోర్"లోకి వెళితే "యాడ్ షార్ట్‌కట్" అని ఉంటుంది. అది నొక్కితే మనవరాలి బొమ్మ ఫోన్ మొదటి పేజీ మీదకే వచ్చి కూర్చుంటుంది. అమ్మ వాట్సాప్ ఎక్కడుందో వెతకనక్కర్లేదు, పేరు చదవనక్కర్లేదు. ముఖం చూసి నొక్కితే ఆ చాట్ తెరుచుకుంటుంది, పైనున్న కాల్ గుర్తు నొక్కితే కాల్ వెళుతుంది.

మొదటి వారం ఇంతే చాలు. స్టేటస్, గ్రూపులు, యూట్యూబ్, పేమెంట్లు అన్నీ ఒకే సాయంత్రం చెప్పేసి "అర్థమైంది కదా" అంటే ఆవిడ తలూపుతుంది. మర్నాడు ఫోన్ బీరువాలోకి వెళుతుంది.

ఏ ఫోన్ కొనమంటారు?

చుట్టుపక్కల వాళ్ళు వాడే రకం కొనండి. అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి తన పాత ఐఫోన్ నాన్నకు ఇచ్చి వెళతాడు. ఫోన్ మంచిదే. కానీ అది మొరాయించిన రోజున ఎదురింటి కుర్రాడికి, పాలు తెచ్చే అబ్బాయికి, మేడ మీద అద్దెకుండే వాళ్ళకు ఆండ్రాయిడ్ తప్ప తెలియదు. సాయం చేసే చేతులు ఎక్కడుంటే అక్కడి ఫోనే మేలు. ఇక స్క్రీన్ పెద్దది, స్పీకర్ గట్టిది, ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజంతా వచ్చేది అయితే చాలు, ఖరీదుతో పనిలేదు.

షాపులో "సెట్ చేసిస్తాం అంకుల్" అని ఫోన్ తీసుకుంటే పక్కనే ఉండి చూడండి. స్క్రీన్ లాక్ నంబరు, జీమెయిల్ పాస్‌వర్డ్ షాపు వాళ్ళు పెట్టకూడదు. ఇంటికొచ్చాక మీరే పెట్టుకోండి.

అక్షరాలు ఆనవు, మాట సరిగ్గా వినపడదు, వేలితో ఒకటి నొక్కబోతే ఇంకొకటి వస్తుంది. ఇవన్నీ వయసువల్లేనా?

చాలామటుకు ఫోన్ సెట్టింగులవల్ల. మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళలో "నాకు బుర్రకెక్కదు బాబూ" అనేవాళ్ళ ఫోన్ తీసి చూస్తే, పాతికేళ్ళ కుర్రాడి కంటికి సరిపోయేలా ఉంటుంది.

అక్షరాలు రెండుచోట్ల పెంచాలి. ఫోన్ సెట్టింగుల్లో డిస్‌ప్లేలోకి వెళ్ళి ఫాంట్ సైజు ఒకసారి, వాట్సాప్‌లో చాట్స్ సెట్టింగుల్లో మరోసారి. మరీ పెంచితే బటన్లు స్క్రీన్ దాటి పోతాయి, కాబట్టి ఒక్కో మెట్టు పెంచుతూ వాళ్ళనే చదివి చూడమనండి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు మారుతుంది, అప్పుడు మళ్ళీ సరిచేయాలి. శాంసంగ్ ఫోన్లలో ఈజీ మోడ్ అని ఒకటి ఉంటుంది, అది పెడితే బొమ్మలన్నీ పెద్దవవుతాయి.

వేలి సంగతి. పాత ల్యాండ్‌లైన్, టీవీ రిమోట్, లిఫ్ట్ బటన్ అన్నీ గట్టిగా అదిమితేనే పనిచేసేవి. ఆ అలవాటుతో టచ్ ఫోన్‌ను కూడా అదిమి పట్టుకుంటారు. ఫోన్‌కు అది మరో ఆజ్ఞ: ఎక్కువసేపు పట్టుకుంటే ఇంకేదో మెనూ తెరుస్తుంది, బొమ్మ ఊడి చేతిలోకి వస్తుంది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద "టచ్ అండ్ హోల్డ్ డిలే" ఉంటుంది. దాన్ని "లాంగ్" అని పెట్టండి, సగం చిరాకు తగ్గుతుంది. వేళ్ళు పొడిబారితే కూడా స్పర్శ సరిగ్గా అందదు. కాస్త లోషన్ రాసుకుని, తుడుచుకుని నొక్కమనండి. వేలిముద్రలు అరిగిపోయిన వాళ్ళకు ఫింగర్‌ప్రింట్ లాక్ పెట్టకండి, నాలుగంకెల పిన్ పెట్టండి.

వినికిడి. వీడియో కాల్ రాగానే అలవాటు ప్రకారం ఫోన్ చెవికి ఆనించుకుంటారు. అవతల మనవడికి తాతయ్య చెవి తప్ప ఇంకేమీ కనిపించదు. వీడియో కాల్‌లో మాట స్పీకర్‌లోంచే వస్తుందనీ, ఫోన్ ముఖానికి ఎదురుగా మూరెడు దూరంలో ఉంచాలనీ ఒకసారి చేసి చూపిస్తే పట్టేస్తారు. ఫ్యాన్ కింద కూర్చుంటే ఆ హోరుకు మాటలు తెలియవు. వినికిడి మిషన్ పెట్టుకునేవాళ్ళయితే, అది బ్లూటూత్‌తో కలిసే రకమేమో డాక్టర్నో, మిషన్ అమ్మినవాళ్ళనో అడగండి. కలిస్తే మాట నేరుగా చెవిలోకి వస్తుంది.

తెలుగులో రాయడం ఎలా? కీబోర్డు మీద అక్షరాలు చూస్తేనే భయమేస్తోంది.

కీబోర్డు ముట్టుకోకుండానే రాయొచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే జీబోర్డు అనే గూగుల్ కీబోర్డుకు తెలుగు జోడించి, కీబోర్డు మీదున్న మైకు నొక్కి మాట్లాడితే అదే అక్షరాలుగా పడుతుంది. "రేపు పొద్దున్న రామయ్య వాళ్ళింటికి వెళుతున్నాం" అంటే దాదాపు తప్పుల్లేకుండానే వస్తుంది. ఇక్కడ ఒక తికమక ఉంది: వాట్సాప్‌లో రెండు మైకులుంటాయి. మెసేజ్ గడి పక్కనున్న పచ్చ మైకు మీ గొంతును రికార్డు చేసి అలాగే పంపుతుంది. కీబోర్డు మీదున్న మైకు మాటను అక్షరాలుగా మారుస్తుంది. ఈ రెండింటి తేడా ఒక రోజంతా కేటాయించి నేర్పినా దండగ కాదు.

చేత్తో రాసే అలవాటున్న వాళ్ళకు ఇంకో దారి. జీబోర్డులో చేతిరాత పెట్టుకుంటే స్క్రీన్ మీద వేలితో "అమ్మాయీ" అని రాయొచ్చు, ఫోన్ దాన్ని అచ్చక్షరాలుగా మారుస్తుంది. రిటైరైన టీచర్లు ఇది చూసి ఎంత సంతోషిస్తారో చెప్పలేను.

నన్నడిగితే పెద్దవాళ్ళకు అన్నిటికంటే హాయి వాయిస్ మెసేజ్. పచ్చ మైకు నొక్కి పట్టుకుని పైకి జరిపితే లాక్ అవుతుంది, ఇక వేలు తీసేసి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. పిల్లలు దాన్ని కారులో వెళుతూనైనా వింటారు. అమ్మ గొంతు ఉంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ వింటారు కూడా.

ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతున్నారు. నాకు ఓపిక పోతోంది.

మీ చేతిలోకి ఫోన్ తీసుకోవడం మానేయండి. "ఇటివ్వు నాన్నా" అని లాక్కుని, మూడు సెకన్లలో నాలుగు నొక్కులు నొక్కి "అంతే!" అంటే ఆయనకు కనిపించింది మీ బొటనవేలు మాత్రమే. ఫోన్ ఆయన చేతిలో ఉండాలి, నొక్కేది ఆయన వేలే కావాలి, మీరు నోటితో చెప్పాలి. దీనికి టైమ్ పడుతుంది. పట్టనివ్వండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. మా దగ్గరకు వచ్చే ఒక పెద్దావిడ పుస్తకం చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కో పేజీకి ఒక్కటే పని. పైన ఎర్ర ఇంకుతో "వదినకు ఫోటో పంపుట". కింద వరుసగా తన మాటల్లో, తను గీసుకున్న బొమ్మలతో: పచ్చ గుండ్రం నొక్కాలి, వదిన పేరు నొక్కాలి, కింద కెమెరా బొమ్మ నొక్కాలి, తీశాక బాణం గుర్తు నొక్కాలి. ఆ బాణం పక్కన "ఇది నొక్కకపోతే వెళ్ళదు" అని రెండు గీతలు. మనం టైపు చేసి ప్రింటు తీసిచ్చిన కాగితం ఈ పనికి రాదు. వాళ్ళు రాసుకున్నదే వాళ్ళకు గుర్తొస్తుంది.

యాప్ అప్‌డేట్ అయి బటన్లు చోటు మారితే మళ్ళీ మొదటికొస్తుంది. అది వాళ్ళ తప్పు కాదు. "నిన్ననే కదా చెప్పాను" అన్న మాట మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో అడగడం మానేసిన వాళ్ళను చాలామందిని చూశాను.

నేను ఊళ్ళో లేను. దూరం నుంచి నేర్పడం కుదురుతుందా?

కుదురుతుంది. వాట్సాప్ వీడియో కాల్‌లో ఉండగా అమ్మ తన స్క్రీన్ మీకు చూపించే వీలుంది. కాల్‌లో స్క్రీన్ షేర్ గుర్తు నొక్కితే ఆవిడ ఫోన్‌లో ఏముందో మీకు కనిపిస్తుంది. "కిందకు జరుపమ్మా, ఇంకాస్త, ఆ నీలం రంగుది నొక్కు" అని చెప్పొచ్చు. ఇదే సదుపాయాన్ని మోసగాళ్ళూ వాడతారు. స్క్రీన్ షేర్‌లో ఉండగా వచ్చే ఓటీపీ కూడా అవతలివాళ్ళకు కనిపిస్తుంది. అందుకే నేర్పే రోజునే గట్టిగా చెప్పండి: సొంత కొడుకూ కూతుళ్ళకు తప్ప ఎవరికీ స్క్రీన్ చూపించకూడదు, బ్యాంకు నుంచి అన్నా సరే.

ఊళ్ళో ఒక మనిషిని కూడా చూసి పెట్టుకోండి. మేనల్లుడో, పక్క ఫ్లాట్‌లో ఇంటర్ చదివే అమ్మాయో. నెట్ పోయినప్పుడు వీడియో కాల్‌లో ఎలాగూ చెప్పలేరు కదా.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఏ టైమ్‌కి చేయాలి? ఒక్కోసారి గంట తేడా వస్తోందేమిటి?

అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. అందుకే ఆ గంట తేడా. మన పొద్దున్న 7 గంటలకు డాలస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి 8:30, చలికాలంలో 7:30. న్యూజెర్సీలో దానికి ఒక గంట కలపండి, కాలిఫోర్నియాలో రెండు గంటలు తీసేయండి. వాళ్ళు ఆఫీసు నుంచి వచ్చి అన్నం తినే వేళకు మనం కాఫీ తాగుతుంటాం. కాబట్టి పొద్దున్న 7, 8 మధ్య మంచి సమయం. ఈ లెక్కంతా వద్దనుకుంటే, ఫోన్‌లోని క్లాక్‌లో డాలస్ గడియారం పెట్టి చూపించండి.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. మా అమ్మాయి చూసింది, కానీ జవాబివ్వలేదు. కోపమొచ్చిందేమో?

చాలామంది అమ్మలు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. ఒక బూడిదరంగు టిక్కు పడితే మీ ఫోన్ నుంచి వెళ్ళిందని, రెండు పడితే అవతలి ఫోన్‌కు చేరిందని, రెండూ నీలమైతే తెరిచి చూశారని అర్థం. అంతవరకే. చూసినవాళ్ళు మీటింగులో ఉన్నారా, పిల్లాడికి అన్నం పెడుతున్నారా, తర్వాత తీరిగ్గా రాద్దామనుకున్నారా అన్నది టిక్కులు చెప్పవు.

ఇక పిల్లలకు. మీరు తెరిచి చూసి పక్కన పెట్టిన ఆ "తిన్నావా?" కోసం అక్కడ ఒకరు గంటకోసారి ఫోన్ తీసి చూసుకుంటున్నారు. పెద్ద జవాబు అక్కర్లేదు. "తిన్నానమ్మా, సాయంత్రం చేస్తా" అని మూడు సెకన్ల వాయిస్ మెసేజ్ చాలు. వారానికి రెండు రోజులు ఫలానా టైమ్‌కి కాల్ అని ఖాయం చేసుకుంటే టిక్కుల గొడవే ఉండదు. ఎప్పుడొస్తుందో తెలియని కాల్ కోసం ఎదురుచూడటం కష్టం. ఆదివారం పొద్దున్న 8 గంటలకని తెలిస్తే దానికోసం చీర మార్చుకుని కూర్చుంటారు.

కాల్ చేస్తారు గానీ "బాగున్నావా, తిన్నావా" తర్వాత ఇద్దరికీ మాటలుండవు.

ఊరికే ముఖాలు చూసుకుంటూ కూర్చుంటే ఎవరికైనా అంతే. కలిసి ఏదైనా పని పెట్టుకోండి. మే నెలలో మా పక్కింట్లో చూశాను. హైదరాబాదులో ఉన్న మనవరాలు మొదటిసారి ఆవకాయ పెడుతోంది. ఆ అమ్మాయి ఫోన్ అక్కడ ఆవపిండి డబ్బాకు ఆనించి ఉంది, ఇక్కడ మామ్మగారి ఫోన్ నీళ్ళ చెంబుకు ఆనించి ఉంది. "ముక్కలు తుడిచావా? తడి తగిలితే బూజొస్తుందే. ఆ గిన్నె ఇటు చూపించు. ఇంకాస్త వంచు. కారం గుంటూరుదేనా? అయితే ఒక్క గరిటె తగ్గించు. పప్పునూనె అప్పుడే వద్దు, ముందు పొడి కలుపు." గంటకు పైగా నడిచిందా కాల్. మూడో రోజు జాడీ తిరగ కలిపేటప్పుడు మళ్ళీ కాల్. అడగడానికి ఒక పని ఉంటే పెద్దవాళ్ళు కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

వంటే కానక్కర్లేదు. పాత ఆల్బమ్‌లోంచి రోజుకో ఫోటో తీసి గ్రూపులో పెట్టి "ఇందులో ఎవరెవరున్నారు?" అని నాన్నను అడగండి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి అలంకారం ఇద్దరూ ఒకేసారి యూట్యూబ్‌లో చూస్తూ మాట్లాడుకోండి. మనవడికి తెలుగు అక్షరాలు దిద్దించే బాధ్యత తాతయ్యకు అప్పగించండి.

నాతో చదువుకున్న వాళ్ళను వెతకాలని ఉంది. దొరుకుతారా?

దొరికే అవకాశం ఉంది. ఇందుకు ఫేస్‌బుక్ మంచిది. గుంటూరు హిందూ కాలేజీ, ఏసీ కాలేజీ, విజయవాడ లొయోలా, ఎస్సారార్ కాలేజీల పేర్లతో, చదివిన సంవత్సరంతో వెతకండి. ఒక్కరు దొరికితే వాళ్ళ దగ్గర మిగతా వాళ్ళ నంబర్లుంటాయి, వాళ్ళే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు.

ఆడవాళ్ళను వెతకడం కష్టం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిపోతుంది, చాలామంది ఫేస్‌బుక్‌లో ఉండరు, ఉన్నా తమ బొమ్మ బదులు దేవుడి పటమో, పువ్వో పెడతారు. అందుకని పుట్టింటి ఊరు పేరుతో, అన్నదమ్ముల పేర్లతో, లేదా వాళ్ళ పిల్లల ద్వారా ప్రయత్నించండి. నలభై ఏళ్ళ తర్వాత ఒక స్నేహితురాలి గొంతు విన్నవాళ్ళ ముఖం చూస్తే ఈ శ్రమంతా ఏపాటి అనిపిస్తుంది.

నాన్న రోజూ ఏవేవో ఫార్వర్డులు పంపుతున్నారు. బీపీ మాత్రలు మానేసి ఏదో కషాయం తాగమంటున్నారు. ఎలా చెప్పాలి?

ఆ ఫార్వర్డు వెనక ఉన్నది ప్రేమే. "నీ ఆరోగ్యం గురించి ఆలోచిస్తున్నాను" అనడానికి ఆయనకు దొరికిన దారి అది. గ్రూపులో అందరిముందు "ఫేక్ నాన్నా" అని రాస్తే నొచ్చుకుంటారు, మళ్ళీ ఏదీ పంపరు, మంచి కబురు కూడా. విడిగా ఫోన్ చేసి చెప్పండి.

ఒక గుర్తు నేర్పండి. మెసేజ్ పైన రెండు బాణాలతో "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని ఉంటే అది ఐదో, అంతకంటే ఎక్కువో చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపే వీలుంది. ఎవరు రాశారో తెలియని వైద్యం మన ఇంట్లో వద్దు అని ఒక నియమం పెట్టుకోండి. మందులు మానడం, మార్చడం మాత్రం డాక్టరు చెబితేనే. ఇక్కడ మొహమాటం పనికిరాదు. బీపీ, షుగర్ మాత్రలు ఆపేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

గుడ్ మార్నింగ్ బొమ్మల్ని మాత్రం వదిలేయండి. "ఈరోజు కూడా లేచాను, బాగున్నాను" అని చెప్పే పద్ధతి అది. రోజూ 6 గంటలకు వచ్చే బొమ్మ 9 దాటినా రాకపోతే వెంటనే ఫోన్ చేయండి.

మనవడి ఫోటో స్టేటస్‌లో పెడితే కోడలు ఊరుకోవడం లేదు.

పిల్లాడి తల్లిదండ్రులు వద్దంటే పెట్టకూడదు. ఇందులో కోడలి పక్షమే నాది. స్నానం చేయించే ఫోటోలు, స్కూల్ యూనిఫాం, బ్యాడ్జి కనిపించే ఫోటోలు ఎవరు అడిగినా బయట పెట్టొద్దు. అయితే కోడళ్ళకూ ఒక మాట. మామ్మకు ఆ ఫోటో ఎవరికో ఒకరికి చూపించుకోవాలని ఉంటుంది. ఇంటివాళ్ళు మాత్రమే ఉండే ఒక చిన్న గ్రూపు చేసి రోజూ ఒక ఫోటో పెట్టండి. స్టేటస్ కూడా ఎంచుకున్న నలుగురికే కనిపించేలా ప్రైవసీలో పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో అయితే ప్రొఫైల్ లాక్ చేయండి. "రేపటి నుంచి పదిరోజులు కాశీయాత్ర" అని ముందే ప్రకటించవద్దని చెప్పండి. వచ్చాక పెట్టుకుంటే చాలు.

మోసాలంటే టెన్షన్. అసలు ఫోన్ ఇవ్వకపోవడమే మంచిదేమో?

బస్సుల్లో జేబులు కొడతారని ప్రయాణాలు మానం కదా. మామూలుగా జరిగే మోసాలేవో తెలిస్తే భయం సగం పోతుంది.

ఒకటి, పోలీసు డ్రెస్సులో వీడియో కాల్. "మీ ఆధార్‌తో డ్రగ్స్ పార్శిల్ వచ్చింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, గది దాటొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ కూడా దీని గురించి హెచ్చరించారు. చదువుకున్నవాళ్ళు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు కూడా దీనికి చిక్కుకున్నారు. చట్టమంటే భయభక్తులు ఉన్నవాళ్ళే ఎక్కువ భయపడతారు. "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట వినగానే కాల్ కట్ చేసి పిల్లలకు ఫోన్ చేయాలని నేర్పండి. ఎదుటివాడు ఎవరైనా సరే, కట్ చేయడం తప్పు కాదు, మర్యాద తప్పినట్టూ కాదు. మన పెద్దవాళ్ళకు ఈ చివరి మాట గట్టిగా చెప్పాలి. మాట్లాడుతున్న మనిషి ముఖం మీద ఫోన్ పెట్టేయడం వాళ్ళకు చేతకాదు.

రెండు, ఏపీకే ఫైళ్ళు, అంటే ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఫైళ్ళు. పెళ్ళి శుభలేఖ అనో, చలాన్ అనో, బ్యాంకు కేవైసీ అనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాన్ని తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్ వాళ్ళ చేతుల్లోకి వెళుతుంది. తెలిసినవాళ్ళ నంబర్ నుంచి కూడా రావచ్చు, ఎందుకంటే వాళ్ళ ఫోన్ అప్పటికే చిక్కి ఉంటుంది. శుభలేఖ ఫోటోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ, ఇన్‌స్టాల్ చేయమని అడగదు.

మూడు, గొంతు. ఇప్పుడు ఏఐతో మనవడి గొంతును అచ్చంగా దించేస్తున్నారు. "తాతయ్యా, యాక్సిడెంటయింది, డబ్బు పంపు" అని ఏడుపు వినిపిస్తుంది. ఇంట్లో వాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి, పాత ఇంట్లో ఉన్న ఆవు పేరు లాంటిది. డబ్బు అడిగితే ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే పాత నంబరుకు తిరిగి ఫోన్ చేయాలి.

నాలుగోది మగవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేనిది. తెలియని నంబర్ నుంచి వీడియో కాల్ వస్తుంది. ఎత్తగానే అవతల ఎవరో బట్టల్లేకుండా. ఇవతలి ముఖంతో కలిపి రికార్డు చేసి, "మీ బంధువులకు పంపుతాం" అని డబ్బు గుంజుతారు. ఒకసారి ఇస్తే మళ్ళీ మళ్ళీ అడుగుతారు, కాబట్టి రూపాయి కూడా ఇవ్వకండి. నాన్నతో ముందే మాట్లాడి ఉంచండి: "ఇలాంటివి జరుగుతున్నాయి నాన్నా, మీకొస్తే నాకు చెప్పండి, నేనేమీ అనుకోను." ఈ మాట అబ్బాయి గాని, అల్లుడు గాని చెబితే బాగుంటుంది.

సెట్టింగుల్లో నాలుగు పనులు చేసిపెట్టండి: వాట్సాప్ ప్రైవసీలో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టడం, గ్రూపుల్లో చేర్చే వీలు కాంటాక్టులకే ఇవ్వడం, ఆరంకెల పిన్‌తో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టడం, అప్పుడప్పుడు లింక్డ్ డివైజెస్‌లో తెలియనిదేమైనా ఉందేమో చూడటం. పెన్షన్ వచ్చే ఖాతాను ఫోన్ పేమెంట్లకు కలపకండి. చిన్న మొత్తం ఉండే వేరే ఖాతా పెట్టండి.

డబ్బు పోయింది. ఏం చేయాలి?

ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకు, ఆ తర్వాత దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు. మెసేజులు, కాల్ వివరాలు చెరిపేయొద్దు.

ఆ రోజు ఇంట్లో ఎవరూ "అంత తెలివితక్కువగా ఎలా ఇచ్చావు" అనొద్దు. డబ్బు పోయిన బాధ కంటే పిల్లల ముందు తలొంచుకోవడమే పెద్దవాళ్ళను ఎక్కువ కుంగదీస్తుంది. ఒకట్రెండు వారాలు కనిపెట్టుకుని ఉండండి, వీలైతే ఊరికి రండి. ఇతరత్రా సాయానికి, మనసు విప్పి మాట్లాడుకోవడానికి సీనియర్ సిటిజన్ల కోసం 14567 అనే టోల్ ఫ్రీ నంబర్ ఉంది.

ఫోన్ బాగా స్లో అయింది, "స్టోరేజ్ ఫుల్" అంటోంది.

వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్ళి మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. అక్కడే మేనేజ్ స్టోరేజ్‌లో పెద్ద వీడియోలు తీసేయండి. ఇంటి ఫోటోలు ముందు వేరేచోట దాచాకే చెరపండి.

ఇప్పుడు రోజంతా ఫోన్‌లోనే ఉంటున్నారు. ఇదేం గొడవ?

ఏం చూస్తున్నారో గమనించండి. మనుషులతో మాట్లాడుతుంటే కంగారక్కర్లేదు. ఒకదాని తర్వాత ఒకటి రీల్స్, అరుపుల న్యూస్ వీడియోలు చూస్తూ రాత్రి నిద్ర మానుకుంటుంటే మాట్లాడాల్సిందే. సాయంత్రం రాఘవయ్య పార్కుకో, గుంటూరులో అయితే బృందావన్ గార్డెన్స్ స్టేడియానికో నడకకు వెళ్ళే అలవాటు ఉంటే అది పోకూడదు. ఆ నడక స్నేహితుల గ్రూపు ఒకటి చేసిపెట్టండి. "ఈరోజు వస్తున్నావా?" అన్న మెసేజ్ మనిషిని ఇంట్లోంచి బయటకు తెస్తుంది. నా దృష్టిలో వాట్సాప్ చేసే అతి మంచి పని ఇదే. మేలో ఎండ మండిపోయే రోజుల్లో మాత్రం ఫోన్ కబుర్లే దిక్కు.

నాన్న పోయారు. ఆయన నంబర్, ఫేస్‌బుక్ ఏం చేయాలి?

తొందరపడి సిమ్ తీసేయకండి. బ్యాంకు, పెన్షన్, గ్యాస్, ఇన్సూరెన్స్ పనుల ఓటీపీలు కొంతకాలం దానికే వస్తాయి. కాబట్టి ఆ పనులయ్యేదాకా రీఛార్జ్ చేస్తూ ఉండండి. వాట్సాప్ 120 రోజులు వాడకపోతే ఖాతా తీసేస్తుంది, అందుకే ముందుగా ఆయన చాట్లను, వాయిస్ మెసేజులను ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. రీఛార్జ్ ఆపేస్తే ఆ నంబర్ కొన్నాళ్ళకు వేరేవాళ్ళకు వెళుతుంది. అప్పుడు నాన్న పేరు మీద ఎవరిదో కొత్త ముఖం కనిపిస్తుంది. అమ్మకు ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఫేస్‌బుక్‌లో మరణ ధ్రువపత్రం పంపితే ఖాతాను స్మారకంగా మారుస్తారు.

చాలా ఇళ్ళలో ఫోన్ సంగతులన్నీ ఆయనే చూసుకునేవారు, ఆవిడ ముట్టుకునేవారు కాదు. ఇప్పుడు ఆవిడకు నేర్పాలి. పెద్దకర్మ అయ్యి బంధువులంతా వెళ్ళాక ఇల్లు ఖాళీ అవుతుంది. ఆ వారమే మొదలుపెట్టండి.

వరదలప్పుడు అమ్మ ఫోన్ రెండు రోజులు కలవలేదు. ముందుజాగ్రత్త ఏముంది?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు చాలా ఇళ్ళది ఇదే పరిస్థితి. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. అందుకని వానల రోజుల్లో పవర్‌బ్యాంకు నిండుగా ఉంచండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టండి, ఎందుకంటే ఇప్పుడెవరికీ నంబర్లు నోటికి రావు. నెట్ బలహీనంగా ఉంటే వీడియో కాల్ వద్దు, ఒక్క ఎస్సెమ్మెస్ చాలు: "మేడ మీద ఉన్నాం, బాగున్నాం." ఇంటి లొకేషన్ వాట్సాప్‌లో పంపడం మామూలు రోజుల్లోనే సాధన చేయించండి. అత్యవసరానికి 112.

ప్రభుత్వ పనులు కూడా వాట్సాప్‌లో అవుతాయటగా?

అవుతాయి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో మొదలుపెట్టింది, నంబర్ 95523 00009. ఈ నంబర్ సేవ్ చేసిపెట్టండి. ఇదే పేరుతో వేరే నంబర్ నుంచి ఏదైనా వస్తే తెరవొద్దు.

అన్నీ చెప్పాం. "నాకివన్నీ వద్దు" అంటున్నారు.

వదిలేయండి. బటన్ ఫోన్‌తో హాయిగా ఉన్నవాళ్ళు ఉన్నారు. అందులో స్పీడ్ డయల్ పెట్టండి: 2 నొక్కి పట్టుకుంటే అబ్బాయికి, 3 నొక్కితే అమ్మాయికి. రీఛార్జ్ గడువు తీరితే కొన్నాళ్ళకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది కాబట్టి, ఆ పని మీరే చూసుకోండి, ఏడాది ప్లాన్ అయితే మరీ మంచిది. రోజూ ఒకసారి మామూలు కాల్ చేయండి. కొన్నాళ్ళకు పక్కింటావిడ మనవరాలితో వీడియోలో మాట్లాడటం చూసి, "అదేంటో నాకూ చూపించరా" అంటే అప్పుడు చూపించండి.